పచ్చని కళ్లు, పాలిపోయిన రెప్పలు

(మచిలీపట్నంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి పేరిట మనం ఇక్కడ కూడామో ఆయన పేరు ఈ చిన్న పుస్తకం అట్టమీద ఉంది. లోపల మాత్రం నేను డాక్టరుగారనే అంటాను. గుడివాడలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, పెద్ద ఊళ్లకు పోకుండా ఇక్కడే ప్రాక్టీసు పెట్టారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన తరవాత దివిసీమకు వెళ్లి, నీళ్లు తీసిన పల్లెల్లో వాంతులు, విరేచనాలు, కామెర్లు చూస్తూ చాలాకాలం ఉండిపోయారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు రాజకీయాల్లోకి పోకముందు ప్రాక్టీసు చేసిన ఈ బందరులో ఒక వైద్యుణ్ణి తలుచుకోవడానికి వేరే కారణాలు వెతకనక్కరలేదు. అయినా నాకు ఒక ప్రత్యేకమైన కారణం ఉంది, చెబుతాను.

కామెర్ల రోగి వస్తే డాక్టరుగారు కనుగుడ్డు పచ్చదనం చూసి ఊరుకునేవారు కారు. వేలితో కింది రెప్ప లాగి లోపలి ఎరుపు చూసేవారు. ఎంతమంది రోగులు వరసలో ఉన్నా ఆ పని మానేవారు కారు. ఆయన దగ్గర కొంతకాలం కూర్చుని నేర్చుకున్న నాకు అప్పట్లో అది పాతకాలపు అలవాటుగా కనిపించింది. లివరు వైద్యంలోకి వచ్చాకే దాని విలువ తెలిసింది. పచ్చని కన్ను, దాని కింద పాలిపోయిన రెప్ప: ఈ రెండూ ఒకే బిడ్డలో కనిపిస్తే అది మామూలు కామెర్ల జ్వరం కాకపోవచ్చు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి అనే వంశపారంపర్య జబ్బులో లివరు ఉన్నట్టుండి కూలిపోవడం కావచ్చు. అదే అయితే మనకు మిగిలేది రోజులే, ఒక్కోసారి గంటలే.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ జబ్బును అనుమానించి బిడ్డను పైకి పంపడానికి కావలసిన పరీక్షలన్నీ మన ఊళ్ల లాబుల్లోనే ఉన్నాయి. రాగి పరీక్ష ఫలితం వచ్చేదాకా బిడ్డను ఇక్కడ ఉంచవద్దు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా రెండు మూడు వివరాలు మార్చాను. దివిసీమలో ఒక పల్లె. ఎనిమిదో తరగతి. ఒంట్లో నలతగా ఉందంది, కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో అలవాటు ప్రకారం పరగడుపున పసరు తాగించారు, ఉప్పు కారం మాన్పించారు. మూడో రోజు ఆర్‌ఎంపీ గ్లూకోజు సీసా పెట్టాడు. అయిదో రోజుకు మూత్రం ముదురు ఎరుపులోకి దిగింది, పిల్ల నాలుగు మెట్లు ఎక్కి ఆయాసపడింది. పట్నంలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6. ఎదిగే ఆడపిల్ల కాబట్టి రక్తహీనత అనుకున్నారు, కామెర్లు వేరే అనుకున్నారు. ఒక సీసా రక్తం ఎక్కించారు. ఏడో రాత్రి నిద్రపోలేదు, పగలంతా మగత. తమ్ముణ్ణి ఊరికే కసిరింది. ఎనిమిదో రోజు అంబులెన్సులో మా దగ్గరికి వచ్చేసరికి మెదడు వాచింది, మూత్రం ఆగిపోయింది. తల్లి లివరు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, రక్తం గ్రూపు కూడా కలిసింది. కానీ ఆపరేషను తట్టుకునే స్థితి దాటిపోయింది. ఆ అమ్మాయి బతకలేదు.

ఆ ఎనిమిది రోజుల్లో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. ప్రతివాళ్లూ తమకు తెలిసిన మేరకు మేలే చేయబోయారు. మన ప్రాంతంలో పిల్లల కామెర్లలో ఎక్కువ భాగం హెపటైటిస్ ఎ వల్ల వస్తాయి, కలుషితమైన నీటితో వస్తాయి. వాటిలో నూటికి తొంభై తొమ్మిది వాటంతట అవే కొద్ది వారాల్లో తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పసరుకు పేరు వచ్చింది అందుకే. ఈ తగ్గే కామెర్ల మందలో తగ్గని ఒక్క కామెర్లను ఎలా పట్టుకోవాలన్నదే మన ముందున్న ప్రశ్న.

ముందు రాగి సంగతి చూద్దాం. మనం రోజూ తినే తిండిలో ఒకటి రెండు మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. ఒంటికి అది కావాలి, కానీ చాలా కొద్దిగా. పేగు పీల్చుకున్న రాగి నేరుగా లివరుకు వస్తుంది. లివరు తనకు కావలసింది ఉంచుకుని, కొంత సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీనుకు కట్టి రక్తంలోకి పంపుతుంది, మిగిలినదాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి వదిలేస్తుంది. ఈ రెండు పనులూ చేసేది ఏటీపీ7బి అనే ఒక్క ప్రొటీను. దాని జన్యువు పదమూడో క్రోమోజోము మీద ఉంది, 1993లో దొరికింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినప్పుడే జబ్బు వస్తుంది.

డెల్టాలో పుట్టినవాళ్లకు దీన్ని అర్థం చేయించడం కష్టం కాదు. మన పొలం మునిగేది కాలవలో నీరు ఎక్కువై కాదు, మురుగు డ్రెయిను పూడిపోయి. విల్సన్ వ్యాధిలో వచ్చే రాగి మామూలే, పోయే దారి మూసుకుపోయింది. పుట్టిన నాటినుంచి లివరులో కొంచెం కొంచెంగా నిలవ చేరుతుంది. అయిదేళ్లు, పదేళ్లు, ఇరవై ఏళ్లు. పైకి పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు. లోపల లివరు మెల్లగా గట్టిపడి సిర్రోసిస్‌లోకి వెళుతుంది. ఉన్నట్టుండి కూలిపోయిన లివరును కోసి చూస్తే చాలాసార్లు అందులో పాత సిర్రోసిస్ కనిపిస్తుంది. జబ్బు నిన్న రాలేదు, నిన్న బయటపడింది.

ఇక్కడ రెండు అపోహలు తీర్చాలి. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనిచేసే ఇంటి తల్లి ఒకామె నన్ను అడిగింది: రాగి, ఇత్తడి మధ్య పెరిగినందుకే మా వాడికి ఇది వచ్చిందా అని. కాదమ్మా, అని ఆరోజు చెప్పాను, ఈ రోజు ఇందరి ముందు మళ్లీ చెబుతున్నాను. పూత పని చేసినందువల్ల ఎవరికీ విల్సన్ వ్యాధి రాదు. మంచి జన్యువు ఒక్క ప్రతి ఉన్నా లివరు ఆ రాగిని బయటికి పంపేస్తుంది. రెండోది పీతలు, రొయ్యలు. వీటి రక్తంలో ప్రాణవాయువును మోసేది మనలో లాగా ఇనుము కాదు, రాగి. అందుకే వాటిలో రాగి ఎక్కువ. జబ్బు ఉందని తెలిసిన పిల్లలు వాటిని, లివరు మాంసాన్ని, జీడిపప్పు, బాదం లాంటి గింజపప్పులను, పుట్టగొడుగులను, చాక్లెట్‌ను తగ్గించాలి, రాగి చెంబులో నిలవ పెట్టిన నీళ్లు తాగకూడదు. అంతే తప్ప నాగాయలంక పీత తిన్నందువల్ల ఎవరికీ ఈ జబ్బు రాలేదు. తిండి మానడం వల్ల కూలుతున్న లివరు నిలబడదు కూడా.

రాగి ఒంట్లోకి విడుదలైతే ఏమవుతుందో మాత్రం మన రైతులకు ముందే తెలుసు. తోటల్లో, చేపల చెరువుల్లో వాడే మైలుతుత్తం రాగి లవణం. దాన్ని మింగినవారిని చూసిన వైద్యులు ఈ సభలో ఉన్నారు. మొదట నీలపు వాంతి, ఒకటి రెండు రోజుల్లో ఎర్రకణాలు పగలడం, కామెర్లు, మూత్రం ముదరడం, ఆపైన కిడ్నీలు ఆగడం. విల్సన్ వ్యాధిలో లివరు కణాలు ఒక్కసారిగా చనిపోయినప్పుడు ఏళ్ల తరబడి దాచుకున్న రాగి అంతా రక్తంలో పడుతుంది. మైలుతుత్తం మింగకుండానే బిడ్డ లోపలినుంచి ఆ విషానికి గురవుతుంది. ఎర్రకణాలు పగిలితే రెప్ప పాలిపోతుంది. పగిలిన కణాల పసుపు, లివరు తీయలేకపోయిన పసుపు కలిసి బిలిరుబిన్ ఎక్కడికో పోతుంది. డాక్టరుగారి వేలు వెతికింది దీన్నే.

ఇప్పుడు లాబు కాగితం ముందు పెట్టుకుందాం. వైద్యమిత్రులు, టెక్నీషియన్లు ఈ భాగం జాగ్రత్తగా వినండి.

మామూలు హెపటైటిస్ ఎలో లివరు ఎంజైములైన ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ వేలల్లో ఉంటాయి, హిమోగ్లోబిన్ పెద్దగా కదలదు. విల్సన్ వ్యాధి కూలిపోయేటప్పుడు దీనికి తలకిందులు. బిలిరుబిన్ ఇరవై, ముప్పై దాటుతుంది, ఎంజైములు మాత్రం సాధారణంగా వందల్లోనే ఉంటాయి. వాటిలోనూ ఎస్‌జీవోటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉంటుంది. ‘ఎంజైములు పెద్దగా పెరగలేదు, పరవాలేదు’ అన్న ఓదార్పు ఇక్కడ ప్రాణాంతకం. హిమోగ్లోబిన్ పడిపోతుంది, కూంబ్స్ పరీక్ష నెగటివ్ వస్తుంది, అంటే ఎర్రకణాలను పగలగొడుతున్నది యాంటీబాడీలు కాదు. యూరిక్ యాసిడ్ తక్కువగా ఉంటుంది, ఎందుకంటే దెబ్బతిన్న కిడ్నీ నాళికలు దాన్ని మూత్రంలోకి వదిలేస్తాయి. అన్నిటికన్నా వింతైనది ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే మరో ఎంజైము. లివరు జబ్బు వల్ల వచ్చే కామెర్లలో సాధారణంగా అది పెరుగుతుంది. ఇక్కడ అది అడుగుకు పోతుంది.

2008లో అమెరికాలో అక్యూట్ లివర్ ఫెయిల్యూర్ మీద పనిచేసే బృందం ఒక చిన్న భాగహారం చూపించింది. ఆల్కలైన్ ఫాస్ఫటేస్‌ను బిలిరుబిన్‌తో భాగించండి. నాలుగు కన్నా తక్కువ వస్తే విల్సన్ వ్యాధి అనుకోండి. వాళ్ల రోగుల్లో ఈ ఒక్క లెక్క నూటికి 94 కేసులను పట్టుకుంది. ఎస్‌జీవోటీని ఎస్‌జీపీటీతో భాగిస్తే 2.2 దాటడం దానికి తోడైతే ఒక్కటీ తప్పలేదు. బిలిరుబిన్ 24, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ 60 ఉన్న కాగితం మీ చేతికి వస్తే రెండున్నర. కాగితం కింద పెట్టి ఫోను తీయండి. చిన్నపిల్లల్లో ఎదిగే ఎముకల వల్ల ఆల్కలైన్ ఫాస్ఫటేస్ కొంత ఎక్కువ ఉంటుంది కాబట్టి ఈ లెక్క వాళ్ల దగ్గర అంత గట్టిది కాదు. లెక్క నాలుగు దాటిందని పిల్లవాణ్ణి వెనక్కి పంపకండి. కామెర్లతో పాటు హిమోగ్లోబిన్ పడుతున్న పిల్లవాడైతే అదే చాలు.

ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవాళ్లకు హెపటైటిస్ ఎ గానీ ఇ గానీ వచ్చినా ఎర్రకణాలు పగిలి అచ్చం ఇలాగే కనిపించవచ్చని మీలో కొందరు అడుగుతారు. నిజమే. అప్పుడూ పంపండి. అక్కడ తేలితే బిడ్డ ఇంటికి వస్తుంది, నష్టపోయింది అంబులెన్సు ఖర్చే.

మరి సెరులోప్లాస్మిన్, మూత్రంలో రాగి, కంట్లో ఉంగరం? తాపీగా నడిచే జబ్బులో ఇవి గొప్ప సాక్ష్యాలు. సెరులోప్లాస్మిన్ 20 కన్నా తక్కువ, ఇరవై నాలుగు గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటడం, స్లిట్ ల్యాంపులో నల్లగుడ్డు అంచున గోధుమ రంగు వలయం. 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ అనే జర్మన్ వైద్యులు చూసిన వలయం అది. కానీ లివరు కూలిపోయే వేళ ఈ సాక్షులు నిలబడరు. లివరు పోయిన ఏ రోగిలోనైనా సెరులోప్లాస్మిన్ తగ్గవచ్చు, ఒంట్లో వాపు వల్ల మామూలుగానూ కనిపించవచ్చు. మూత్రమే రాని బిడ్డనుంచి ఇరవై నాలుగు గంటల మూత్రం ఎక్కడ తెస్తాం? లివరు జబ్బుతో వచ్చినవాళ్లలో సగం మందికి ఆ వలయం ఉండకపోవచ్చు. పైగా ఇక్కడ తీసిన శాంపిలు హైదరాబాదుకో చెన్నైకో పోయి రావాలి. రక్తం ఎక్కించే ముందు, ప్లాస్మా పెట్టే ముందు ఒక శాంపిలు తీసి బిడ్డతోనే పంపండి. ఫలితం బిడ్డ వెనకాల వస్తుంది, బిడ్డ ఫలితం కోసం ఆగకూడదు.

ఎప్పుడు పంపాలన్నదానికి గట్టి గీత రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే ఐఎన్‌ఆర్. విటమిన్ కె ఇంజక్షను ఇచ్చినా ఐఎన్‌ఆర్ 2 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, లేదా 1.5 దాటి కొంచెమైనా మగత, తికమక ఉంటే, పిల్లల్లో దాన్ని లివరు వైఫల్యం అనే అంటాం. ఆ మగత కనిపెట్టేది చాలాసార్లు వైద్యుడు కాదు, తల్లి. రాత్రి నిద్ర పగటికి మారడం, నెమ్మదైన పిల్ల ఊరికే కసరడం, పేరు అడిగితే ఆలస్యంగా చెప్పడం. తల్లి ‘పిల్ల తీరు మారిందండీ’ అంటే దాన్ని ఒక లాబు ఫలితంతో సమానంగా రాసుకోండి.

దారిలో చేయవలసినవి కొద్దిగా చెబుతాను. రక్తంలో చక్కెర మాటిమాటికి చూడాలి, డెక్స్‌ట్రోజు ఆపకూడదు. అల్లరి చేస్తోందని నిద్రమందు ఇవ్వకూడదు. డైక్లోఫెనాక్, జెంటామైసిన్ లాంటి కిడ్నీని దెబ్బతీసేవి వద్దు. రక్తం కారుతుంటే తప్ప ఐఎన్‌ఆర్ అంకె సరిదిద్దడానికి ప్లాస్మా పెట్టవద్దు, ఆ అంకె మీదే పైవాళ్లు నిర్ణయం తీసుకుంటారు. తల కొంచెం ఎత్తులో ఉంచాలి. బండి ఎక్కించకముందే లివరు మార్పిడి కేంద్రానికి ఫోను చేయాలి. తల్లిదండ్రులు ఇద్దరినీ బండిలో పంపాలి, వాళ్ల రక్తం గ్రూపులు కాగితం మీద రాసి పంపాలి. వాళ్లలో ఒకరు లివరు ఇవ్వవలసి రావచ్చు.

గుడివాడ నుంచి విజయవాడ సుమారు 45 కిలోమీటర్లు, బందరు నుంచి 70. విజయవాడ పక్కన తాడేపల్లిలో కాలేయ మార్పిడులు జరుగుతున్నాయి. హైదరాబాదు అక్కడినుంచి 270 కిలోమీటర్ల పైచిలుకు. 1977లో ఉప్పెన తరవాత డాక్టరుగారు వెళ్లినప్పుడు దివిసీమకు దారులు తెగిపోయి ఉన్నాయి. ఇప్పుడు పులిగడ్డ దగ్గర వంతెన ఉంది, 2005 నుంచి 108 ఉంది, 2023లో బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కాబట్టి రోజులు పోతున్నది రోడ్డుమీద కాదు. మొదటి కామెర్లకు, మొదటి ఐఎన్‌ఆర్‌కు మధ్య పోతున్నాయి.

అక్కడికి చేరాక ఏం జరుగుతుంది? మొదట ఎవరికి మార్పిడి తప్పదో తేల్చాలి. లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రి వాళ్లు 1986లో ఒక లెక్క కట్టారు. 2005లో అనిల్ ధావన్ బృందం దాన్ని సరిదిద్దింది. బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, ఎస్‌జీవోటీ, తెల్లకణాలు, ఆల్బుమిన్: ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. మొత్తం 11 చేరితే మార్పిడి లేకుండా బతకడం దాదాపు అసాధ్యం. నేను చెప్పిన అమ్మాయికి బిలిరుబిన్ 22, ఐఎన్‌ఆర్ 3.2, ఎస్‌జీవోటీ 280, తెల్లకణాలు 16,000, ఆల్బుమిన్ 2.6. నాలుగు, నాలుగు, రెండు, నాలుగు, రెండు. పదహారు. ఈ అయిదింటిలో మన లాబు చేయలేనిది ఏదీ లేదని గమనించండి.

మందులతో ఎందుకు కాదు? ఇది న్యాయమైన ప్రశ్న, ఎందుకంటే విల్సన్ వ్యాధికి మంచి మందులున్నాయి. 1912లో కినియర్ విల్సన్ ‘బ్రెయిన్’ పత్రికలో ఈ జబ్బును వర్ణించినప్పుడు చేతులు వణికి, మాట పోయి చనిపోయే యువకులనే చూశాడు. రాగి సంగతి తేలడానికి 1948 దాకా పట్టింది. ఆ తరవాత బాధపెట్టే ఇంజక్షన్లు వచ్చాయి. 1956లో జాన్ వాల్ష్ పెనిసిలమిన్ అనే నోటి మాత్ర ప్రకటించాడు. రోగికి ఇవ్వకముందు తానే మింగి చూశాడు. ఆ ధైర్యం వల్ల కొన్ని వేలమంది బతికారు. తరవాత ట్రయెంటిన్, జింకు వచ్చాయి. పెనిసిలమిన్, ట్రయెంటిన్ రాగిని మూత్రంలోకి లాగుతాయి, జింకు పేగులో రాగిని పీల్చుకోనివ్వదు. కానీ ఇవి నెలల మీద పనిచేసే మందులు. మెదడుకు మగత కమ్మిన బిడ్డకు నెలలు లేవు.

అందుకే ప్లాస్మా మార్పిడి. రక్తంలోని ద్రవభాగాన్ని యంత్రంతో తీసేసి దాతల ప్లాస్మా పెడతారు. రక్తంలో తిరుగుతున్న రాగి గంటల్లో తగ్గుతుంది, ఎర్రకణాల పగులుడు నెమ్మదిస్తుంది, కిడ్నీలకు ఊపిరి వస్తుంది. ప్లాస్మా మార్పిడిని మొదటి వరస చికిత్సగా ఒప్పుకున్న జబ్బుల్లో, అంటే మొదటి వర్గంలో, అమెరికా ఎఫరెసిస్ సంఘం ఉన్నట్టుండి కూలే విల్సన్ వ్యాధిని పెట్టింది. ప్లాస్మా మార్పిడితోనే లివరు మార్పిడి లేకుండా గట్టెక్కినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. అది దాతను సిద్ధం చేసుకునే వ్యవధి ఇస్తుంది, అదే దాని పని.

లివరు మార్పిడి ఈ జబ్బుకు సంపూర్ణ చికిత్స. కొత్త లివరులో మంచి ఏటీపీ7బి ఉంటుంది, రాగి మళ్లీ పైత్యంలో పోతుంది. ఆ బిడ్డకు ఇక రాగిని తగ్గించే మందులు అక్కరలేదు, కొత్త లివరును ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే మందులు మాత్రం జీవితాంతం వాడాలి. అమెరికాలో థామస్ స్టార్జల్ 1963లో మొదటి ప్రయత్నం చేశాడు. మన దేశంలో పసిబిడ్డకు తండ్రి లివరు ముక్క పెట్టి విజయం సాధించింది 1998లో ఢిల్లీలో. ఇప్పుడు సమయానికి చేరిన విల్సన్ రోగుల్లో పదిమందికి సుమారు ఎనిమిది మంది బతుకుతున్నారు. మరణించిన దాత లివరుకు 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకం ఉంది, అత్యవసర రోగికి ముందు వరస ఇస్తారు. కానీ రోజుల్లో పోయే బిడ్డకు ఎక్కువసార్లు దక్కేది ఇంట్లోవాళ్ల లివరే.

ఇక్కడ ప్రతి తల్లీ తండ్రీ ఒకే మాట అడుగుతారు: మా ఇద్దరి నుంచే కదా బిడ్డకు వచ్చింది, మా లివరు పనికొస్తుందా? వస్తుంది. మీలో ఒక ప్రతి చెడింది, రెండోది బాగుంది. ఆ ఒక్కటీ మిమ్మల్ని ఇన్నేళ్లు కాపాడింది, రేపు మీ బిడ్డనూ కాపాడుతుంది. ఇచ్చినవారి లివరు కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. ఈ జబ్బు మోసుకొచ్చామన్న అపరాధభావంతో కుంగిపోయిన తల్లికి ఈ రెండు మాటలు చెప్పడం వైద్యంలో భాగం. హడావుడిలో మనం వాటిని మింగేస్తున్నాం.

మేనరికం గురించి చెప్పక తప్పదు. ఎవరినీ నొప్పించడానికి కాదు, లెక్క చెప్పడానికి. సుమారు 90 మందిలో ఒకరు ఈ చెడిన ప్రతిని మోస్తున్నారనుకుందాం. ఏ చుట్టరికమూ లేని దంపతులకు విల్సన్ బిడ్డ పుట్టే అవకాశం ముప్పై రెండు వేలలో ఒకటి. మేనబావ మరదళ్లకు సుమారు 2,700లో ఒకటి. మేనమామ మేనకోడలికి 1,400లో ఒకటి. చాలామందికి ఏమీ కాదు, నిజమే. కానీ ఒక బిడ్డకు ఈ జబ్బు తేలిన ఇంట్లో, ఆ వంశంలో తరవాతి మేనరికం నిశ్చయించే ముందు జన్యుపరీక్ష చేయించుకోమని చెప్పే బాధ్యత మనది. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల ఆ పరీక్షలు చేస్తారు.

ఆ బిడ్డ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో లెక్క ఇంకా దగ్గర: నలుగురిలో ఒకరు. నేను చెప్పిన అమ్మాయి తమ్ముడికి ఒంట్లో ఏ బాధా లేదు. దహనం అయిన పదిహేను రోజులకు తండ్రిని బతిమాలి పరీక్ష చేయిస్తే సెరులోప్లాస్మిన్ 8, మూత్రంలో రాగి హద్దు దాటి ఉంది. జబ్బు ఉంది. ఇప్పుడు జింకు వాడుతున్నాడు, చదువుకుంటున్నాడు. జబ్బుతో ఉన్న బిడ్డ ఐసీయూలో ఉండగా ఇంట్లో మిగిలిన పిల్లలను ఎవరూ తలుచుకోరు, అది సహజం. తలుచుకోవలసింది మనం. మూడేళ్లు నిండిన ప్రతి తోబుట్టువుకూ పరీక్ష రాయండి.

ఉపాధ్యాయులకు ఒక్కమాట: ముత్యాల్లాంటి అక్షరాలు రాసే పిల్లవాడి దస్తూరి ఏడాదిలో చెడిపోతే, మాట ముద్దగా మారితే, చొంగ కారితే అది బద్ధకం కాకపోవచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు 2007లో ప్రకటించిన 282 మంది విల్సన్ రోగుల్లో మెదడు లక్షణాలతో వచ్చినవాళ్లే ఎక్కువ. అక్కడ పట్టుకుంటే లివరు కూలేదాకా పోనక్కరలేదు.

చివరిగా మందు ఆపడం గురించి. నాకు అన్నిటికన్నా కోపం, దుఃఖం కలిగించేది ఇదే. ఏళ్ల తరబడి పెనిసిలమిన్‌తో పూర్తి ఆరోగ్యంగా ఉన్న రోగి మందు మానేస్తే, కొన్ని నెలలకో ఏడాదికో లివరు ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలడం మొదటిసారి కన్నా మొండిది. వాల్ష్ 1986లోనే దీన్ని హెచ్చరిస్తూ రాశాడు. మన దగ్గర దీనికి మరో రూపం ఉంది. పెళ్లి కుదురుతుంది. ‘మాత్రల సంగతి అత్తగారింట్లో చెప్పకు’ అంటారు. అమ్మాయి మాత్రలు దాచుకోలేక మానేస్తుంది. లేదా గర్భం రాగానే ఎవరో ఆపమంటారు. ఈ మందులు గర్భంలోనూ ఆపకూడదు. అవసరమైతే మోతాదు తగ్గిస్తాం, ఆపం. సంబంధం చూసేటప్పుడే చెప్పమని నేను తల్లిదండ్రులకు చెబుతాను. కూడా వచ్చి అబ్బాయి తరఫువాళ్లతో మాట్లాడతానని కూడా చెబుతాను, కొన్నిసార్లు వెళ్లాను. థైరాయిడ్ మాత్ర వేసుకునే కోడలిని మన ఇళ్లు ఒప్పుకున్నాయి. రాగిని తగ్గించే మాత్ర వేసుకునే కోడలినీ ఒప్పుకుంటాయి, ముందే తెలిస్తే.

మందుల షాపుల మిత్రులకు ఒక వినతి. గుడివాడలో గానీ బందరులో గానీ అవనిగడ్డలో గానీ పెనిసిలమిన్ వాడేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. అమ్మకం లేదని మీరు తెప్పించరు, అందులో మీ తప్పు లేదు. కానీ వానాకాలంలో రైళ్లు ఆగి కొరియరు రాక రెండు వారాలు మందు తప్పిన రోగిని నేను చూశాను. మీ ఊళ్లో ఈ మందు రాసిన చీటీ ఒక్కటి కనిపించినా ఆ ఇంటి ఫోను నంబరు రాసి పెట్టుకోండి, రెండు నెలలకు సరిపడే సరుకు ఎప్పుడూ ఉంచండి, గడువు తీరకముందే వాడకంలోకి మార్చండి. అలాగే లాబులవారు, పదహారేళ్లలోపు పిల్లలకు బిలిరుబిన్ 10 దాటిన కాగితం మీద హిమోగ్లోబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్, ఐఎన్‌ఆర్ ఒకే పేజీలో వచ్చేలా ముద్రించండి, డాక్టరు అడగకపోయినా. ఐఎన్‌ఆర్ రెండు దాటితే రిపోర్టు కవరులో పెట్టి సాయంత్రం దాకా ఉంచకండి. అప్పుడే ఫోను చేయండి.